బురద సీసాలో బ్యాక్టీరియా: వినోగ్రాడ్‌స్కీ కాలమ్ ఇంట్లోనే కట్టుకోవడం ఎలా?

మన పాఠ్యపుస్తకాల్లో బ్యాక్టీరియా పాఠం అనగానే ముందు ఆకారాలు వస్తాయి. గుండ్రంగా ఉంటే కోకస్, కడ్డీలా ఉంటే బాసిల్లస్, మెలికలు తిరిగి ఉంటే స్పైరిల్లం. పరీక్షలో బొమ్మ గీసి నాలుగు మార్కులు తెచ్చుకోవడానికి ఇది చాలు. ఆ జీవి ఎలా బతుకుతుందో మాత్రం ఆకారం చెప్పదు. మైక్రోస్కోప్ కింద అచ్చం ఒకేలా కనిపించే రెండు కడ్డీల్లో ఒకటి గాలి తగిలితే చచ్చిపోవచ్చు, రెండోది గాలి లేకపోతే బతకలేకపోవచ్చు. అది ఏం తింటుంది, దేంతో శ్వాసిస్తుంది, ఎక్కడ కుదురుకుంటుంది అని అడిగితేనే దాని సంగతి తెలుస్తుంది.

ఈ ప్రశ్నలకు మైక్రోస్కోప్ లేకుండానే, రంగుల్లో జవాబు చెప్పే ఏర్పాటు ఒకటుంది. ఓ పొడవాటి సీసా, చెరువు బురద, పాత న్యూస్‌పేపర్, కోడిగుడ్డు పెంకులు, కాస్త జిప్సం, కిటికీ పక్కన చోటు, రెండు నెలల ఓపిక. అంతే. దీన్ని వినోగ్రాడ్‌స్కీ కాలమ్ అంటారు. కీవ్‌లో పుట్టిన సెర్గీ వినోగ్రాడ్‌స్కీ (1856–1953) 1880ల్లో గంధకపు బ్యాక్టీరియా మీద చేసిన పని నుంచి వచ్చిన పద్ధతి ఇది. తోటి శాస్త్రవేత్తలు రోగాలు కలిగించే సూక్ష్మజీవుల్ని ఒక్కొక్కటిగా విడదీసి పెంచుతున్న రోజుల్లో ఆయన బురదలో కలిసి బతికే వాటిని బురదలోనే గమనించాడు. బెగ్గియటోవా అనే బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌ను గంధకంగా మార్చి, ఆ మార్పులో వచ్చే శక్తితోనే బతుకుతోందని 1887లో ప్రకటించాడు. దానికి ఎండా అక్కర్లేదు, కుళ్లిన ఆహారమూ అక్కర్లేదు. రాయీ రప్పా లాంటి నిర్జీవ పదార్థం నుంచి కూడా శక్తి లాక్కోవచ్చని జీవశాస్త్రానికి అప్పుడే తెలిసింది.

సీసా, బురద

సీసా పారదర్శకంగా, వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువగా ఉండాలి. లీటరు కూల్‌డ్రింక్ సీసా మెడ కోసేస్తే సరిపోతుంది. గాజుదైతే రంగులు ఇంకా బాగా కనిపిస్తాయి గానీ, పిల్లలతో చేయిస్తుంటే ప్లాస్టిక్కే మేలు. వెడల్పు గిన్నెలు, అక్వేరియం తొట్లు పనికిరావు. పై నుంచి కిందికి పొరలు విడివిడిగా ఏర్పడాలంటే ఎత్తు కావాలి.

బురద ఎక్కడిది తెచ్చారన్నదాని మీదే సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. చెరువు గట్టున ఎండిన మట్టి వద్దు. నీళ్ల కింద ఉండి, పైన గోధుమ రంగు, అంగుళం లోతుకు చెయ్యి పెడితే నలుపు, ముక్కు దగ్గర పెడితే కుళ్లిన గుడ్డు వాసన, ఇలాంటి బురద దొరికితే వదలకండి. ఆ వాసనే హైడ్రోజన్ సల్ఫైడ్. మనకు కావలసిన జీవులు అప్పటికే అందులో పనిలో ఉన్నాయన్నమాట. నీళ్లు నిలిచిన వరి మడి, తామర చెరువు, కాలువ అంచు ఏదైనా సరే. కాకినాడ, మచిలీపట్నం వైపు వాళ్లకు ఉప్పుటేరు బురద దొరికితే అదృష్టమే. సముద్రపు నీటిలో సల్ఫేట్ పుష్కలంగా ఉంటుంది కాబట్టి జిప్సం కలిపే పని కూడా ఉండదు. అయితే మడ అడవుల అభయారణ్యంలోకి వెళ్లి తవ్వకండి, బయటి కాలువల్లో దొరికేది చాలు.

మురుగు కాలువ బురద మాత్రం తేవద్దు. అందులో నల్లదనం, వాసన రెండూ ఉంటాయి, వాటితో పాటు టైఫాయిడ్, కలరా లాంటి వాటి భయమూ ఉంటుంది. ఎక్కడ తవ్వినా చేతికి గ్లవ్స్ వేసుకోండి, గాయాలుంటే ఆ పని వేరేవాళ్లకు అప్పగించండి. లీటరు సీసాకు కిలోన్నర బురద, అదే చోటి నీళ్లు ఓ లీటరు తెచ్చుకుంటే సరిపోతాయి.

కలపడం, నింపడం

ముందు బురదలోంచి రాళ్లు, పుల్లలు, నత్తలు, వానపాములు ఏరేయండి. పురుగులు ఉంటే అవి బురదను తవ్వి గాలి లోపలికి పంపుతాయి, పొరలు చెదిరిపోతాయి. తెచ్చిన నీళ్లే కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. ఇడ్లీ పిండి అంత చిక్కగా వస్తే ఆపేయండి. మరీ గట్టిగా ఉంటే మధ్యలో గాలి బుడగలు ఇరుక్కుంటాయి, మరీ పలచనైతే ఇసుకంతా అడుక్కి చేరుతుంది.

ఇప్పుడు మొత్తంలో మూడో వంతు వేరే గిన్నెలోకి తీసుకుని దానికి మేత కలపాలి. న్యూస్‌పేపర్‌లో అర పేజీ సన్నగా చించి నీళ్లలో నానబెట్టి వేయండి. ఇది సెల్యులోజ్, అంటే కార్బన్ ఆహారం. కోడిగుడ్డు పెంకుల పొడి ఒక పెద్ద చెంచా వేయండి. ఇది కాల్షియం కార్బొనేట్, బురద పులిసి ఆమ్లం ఎక్కువ కాకుండా చూస్తుంది. జిప్సం ఒక పెద్ద చెంచా. ఇది సల్ఫేట్, అంటే గంధకం అందించేది. వేరుశనగ రైతులు వాడే జిప్సమే ఇది, ఎరువుల షాపులో దొరుకుతుంది. దొరక్కపోతే రెండు సుద్దముక్కలు దంచి వేసుకోవచ్చు. బ్లాక్‌బోర్డు మీద రాసే సుద్దముక్కలు మన దగ్గర చాలావరకు జిప్సం నుంచే తయారవుతాయి. కొందరు జిప్సం బదులు పచ్చసొన వేస్తారు. అందులోని ప్రొటీన్లలో గంధకం ఉంటుంది కాబట్టి అదీ పనిచేస్తుంది, కాకపోతే మొదటి రెండు వారాలు ఇంట్లో వాళ్లు మిమ్మల్ని క్షమించరు.

కాగితం కాస్త ఎక్కువ వేస్తే తప్పేముంది అనిపిస్తుంది. వేయకండి. మేత ఎక్కువైతే కుళ్లబెట్టే జీవులే చెలరేగి, సీసా అంతా నల్లగా మారి, రంగులు రాకుండానే కథ ముగుస్తుంది.

మేత కలిపిన బురద అడుగున నింపి, సీసాను బల్ల మీద మెల్లగా తట్టి బుడగలు పోగొట్టండి. దాని మీద మామూలు బురద, సీసాలో ముప్పావు వంతు దాకా. ఆపైన చెరువు నీళ్లు మూడు నాలుగు సెంటీమీటర్లు, ఆ పైన కాస్త ఖాళీ. మూతిని పలచటి ప్లాస్టిక్ కవర్‌తో కప్పి రబ్బరు బ్యాండ్ వేసి, సూదితో రెండు మూడు చిల్లులు పెట్టండి. బిరడా బిగించొద్దు. లోపల గ్యాసులు పుడతాయి, పోయే దారి లేకపోతే సీసా ఉబ్బిపోతుంది. మూత తెరిచి వదిలేసినా తప్పే. నిలవ నీళ్లంటే దోమలు గుడ్లు పెట్టడానికి ఆహ్వానం పలికినట్టే, పైగా డెంగీ దోమ ఏరుకునేది సరిగ్గా ఇలాంటి చిన్న పాత్రల్నే.

వీలైతే ఒకే బురదతో మూడు సీసాలు కట్టండి. ఒకటి పూర్తి మేతతో, రెండోది జిప్సం లేకుండా, మూడోది పూర్తి మేతతోనే కానీ చుట్టూ అల్యూమినియం ఫాయిల్ చుట్టి చీకట్లో. నిజమైన పాఠమంతా ఈ మూడింటి మధ్య తేడాలోనే ఉంది. ఒక్క సీసా చూస్తే రంగులు మాత్రమే కనిపిస్తాయి, ఏ రంగు దేనివల్ల వచ్చిందో తేలదు.

ఎక్కడ పెట్టాలి

తూర్పు లేదా ఉత్తరం కిటికీ దగ్గర, బాగా వెలుతురు వచ్చే చోట, నేరుగా మండే ఎండ పడకుండా. మన మే నెల ఎండలో కిటికీ గట్టు మీద పెడితే బురద వేడెక్కి చాలా జీవులు పోతాయి. శీతాకాలం మొదట్లో కట్టడం అన్నిటికంటే సుఖం. ఎల్‌ఈడీ బల్బు కింద పెట్టి ఎదురుచూడటం వృథా. ఈ సీసాలో పెరిగే ఊదారంగు బ్యాక్టీరియా పీల్చుకునేది ముఖ్యంగా కంటికి కనిపించని పరారుణ కాంతిని, దాదాపు 800 నుంచి 900 నానోమీటర్ల మధ్య ఉండేదాన్ని. తెల్లటి ఎల్‌ఈడీలో అది దాదాపు ఉండదు. ఎండ వెలుగులో ఉంటుంది, పాతకాలపు ఫిలమెంట్ బల్బులోనూ ఉంటుంది.

నీళ్లు తగ్గితే అప్పుడప్పుడు పోయాలి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేలా ఒక రోజు బకెట్లో ఉంచి పోయండి. సీసాను కదపకండి, తిప్పకండి. వారానికోసారి ఒకే కోణం నుంచి ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటే, రోజూ చూసే కంటికి అందని మార్పు బయటపడుతుంది.

లోపల జరిగేది

మొదటి రెండు మూడు రోజులు పైకి ఏమీ కనిపించదు, కానీ అసలు మలుపు అప్పుడే. బురదలో కలిసిన కొద్దిపాటి ఆక్సిజన్‌ను గాలి పీల్చే బ్యాక్టీరియా తినేస్తాయి. పై నుంచి కొత్త ఆక్సిజన్ రావాలంటే నీళ్లలోంచి రావాలి, నీటిలో వాయువులు కదిలే వేగం గాలిలో కంటే సుమారు పది వేల రెట్లు తక్కువ. అందుకే కొన్ని మిల్లీమీటర్ల లోతుకే ఆక్సిజన్ అయిపోతుంది. ఆ కింద ఉన్నదంతా మనలా ఆక్సిజన్ పీల్చే జీవులకు నిషిద్ధ లోకం.

ఆ లోకంలో మొదట పని మొదలుపెట్టేది క్లాస్ట్రిడియం జాతి. ఆక్సిజన్ ఉన్నన్నాళ్లూ ఇది గట్టి స్పోరుగా ముడుచుకుని ఉంటుంది, ఆక్సిజన్ పోగానే మొలకెత్తి న్యూస్‌పేపర్ మీద పడుతుంది. సెల్యులోజ్‌ను ముక్కలు చేసి, పులియబెట్టి, సేంద్రియ ఆమ్లాలు, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. దాని వ్యర్థం డీసల్ఫోవిబ్రియో లాంటి వాటికి భోజనం. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే శ్వాసక్రియ అంటే ఏమిటో ఇక్కడే అర్థమవుతుంది.

మనం అన్నం నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుని చివరికి ఆక్సిజన్‌కు అప్పగిస్తాం, మధ్యలో వచ్చిన శక్తిని దాచుకుంటాం. ఆక్సిజన్ లేని చోట ఆ ఎలక్ట్రాన్లను ఇంకెవరో పుచ్చుకోవాలి. డీసల్ఫోవిబ్రియో వాటిని సల్ఫేట్‌కు అప్పగిస్తుంది. మనం నీటి ఆవిరి వదిలినట్టు అది హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. ఆ సల్ఫైడ్ మట్టిలోని ఇనుముతో కలిస్తే ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. సీసా అడుగున వారం పది రోజుల్లో పాకే నలుపు అదే. జిప్సం లేని సీసాలో ఆ నలుపు బాగా తక్కువగా ఉంటే మీ ప్రయోగం సరిగ్గా నడుస్తున్నట్టు.

భీమవరం వైపు రొయ్యల చెరువులు చేసేవాళ్లకు ఈ నలుపుతో పరిచయం ఎక్కువే. తినగా మిగిలిన మేత అడుగున పేరుకుని కుళ్లితే నల్ల మట్టి, వాసన, రొయ్యలకు ముప్పు. పంటకూ పంటకూ మధ్య చెరువు ఎండగట్టి దున్నడం ఎందుకంటే ఆ మట్టికి మళ్లీ ఆక్సిజన్ తగలడానికే.

ఇప్పుడు సీసాలో రెండు ప్రవాహాలున్నాయి. కింద నుంచి సల్ఫైడ్ పైకి, పై నుంచి ఆక్సిజన్ కిందికి. పక్క నుంచి వెలుతురు. ఈ మూడింటి పాళ్లు ఒక్కో ఎత్తులో ఒక్కోలా ఉంటాయి, ఏ పాళ్లు నచ్చిన జీవి ఆ ఎత్తులో స్థిరపడుతుంది. నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య గోడకు ఆనుకుని మచ్చలుగా మొదలయ్యే రంగులు దాని ఫలితమే.

నలుపుకు కాస్త పైన ముదురు పాచి రంగు కనిపిస్తే క్లోరోబియం లాంటి ఆకుపచ్చ గంధకపు బ్యాక్టీరియా అనుకోవచ్చు. ఇవి ఎక్కువ సల్ఫైడ్‌ను తట్టుకుంటాయి, చాలా తక్కువ వెలుతురుతో సరిపెట్టుకుంటాయి. దాని పైన ఊదా లేదా గులాబీ ఎరుపు, అది క్రోమేషియం కుటుంబం. ఇంకా పైన, సల్ఫైడ్ పలచబడిన చోట, తుప్పు రంగులోనో నారింజ రంగులోనో ఉండేవి గంధకం మీద అంతగా ఆధారపడని ఊదా బ్యాక్టీరియా. ఆక్వా షాపుల్లో నీటి శుద్ధి కోసమని ఎర్రటి ద్రవం సీసాల్లో అమ్ముతారే, అందులో ఉండేవి వీటి బంధువులే. ప్రతి సీసాలో అన్ని పొరలూ పుస్తకంలో బొమ్మలా వరసగా రావు. మచ్చలు కలిసిపోతాయి, ఒక పొర అసలు రాకపోవచ్చు.

ఈ రంగుల జీవులన్నీ కాంతితో ఆహారం తయారుచేసుకునేవే, కానీ ఆక్సిజన్ వదలవు. మొక్క నీటిని చీల్చి ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, మిగిలిన ఆక్సిజన్ బయటికి పోతుంది. క్రోమేషియం నీటి బదులు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వాడుకుంటుంది, మిగిలిన గంధకాన్ని కణంలోపల చిన్న గుళికలుగా దాచుకుంటుంది. క్లోరోబియం వాటిని కణం బయట పడేస్తుంది. ఈ పోలిక పట్టుకునే కొర్నేలిస్ వాన్ నీల్ 1930ల్లో, మొక్కలు వదిలే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ నుంచి కాదు, నీటి నుంచే వస్తుందని వాదించాడు. తర్వాతి ప్రయోగాలు ఆయన మాటే నిజమని తేల్చాయి. మనం పీల్చే గాలి ఎక్కడిదో బురద బ్యాక్టీరియా చెప్పాయన్నమాట.

పై నీళ్లలో తేలే ఆకుపచ్చ వేరు. అందులో నీలి ఆకుపచ్చ నాచు, అంటే సయనోబ్యాక్టీరియా ఉంటుంది. ఇది మొక్కలాగే ఆక్సిజన్ వదులుతుంది. దాదాపు 240 కోట్ల ఏళ్ల కిందట భూమి గాలిలో ఆక్సిజన్ పేరుకోవడం మొదలైంది వీటి పూర్వీకుల వల్లే. వరి మడిలో నత్రజని కోసం వేసే అజొల్లా ఆకుల్లో కాపురముండేదీ సయనోబ్యాక్టీరియానే. పైపొరలో వీటితో పాటు నిజమైన శైవలాలు, డయాటమ్‌లు కూడా ఉంటాయి కాబట్టి అక్కడి పచ్చదనమంతా బ్యాక్టీరియాది కాదు. నీళ్లూ బురదా కలిసే గీత మీద తెల్లటి పలచని పొర కనిపిస్తే సంతోషించండి, అది వినోగ్రాడ్‌స్కీ చూసిన బెగ్గియటోవా కావచ్చు. ఆక్సిజన్, సల్ఫైడ్ రెండూ అందే సన్నటి హద్దు దొరికితేనే అది నిలుస్తుంది.

కణంలో ఏముంది?

ఇన్ని రకాల బతుకులు నడిపే ఈ కణాల నిర్మాణం చూస్తే చాలా పొదుపు. కేంద్రకం ఉండదు, డీఎన్‌ఏ ఉంగరంలా చుట్టుకుని కణద్రవ్యంలోనే ఉంటుంది. మైటోకాండ్రియా ఉండదు, హరితరేణువు ఉండదు. మరి శ్వాస ఎక్కడ? ప్లాస్మా త్వచంలోనే. ఎలక్ట్రాన్లను చేతులు మార్చే ప్రొటీన్లు అక్కడే పొదిగి ఉంటాయి. ఊదా బ్యాక్టీరియా కాంతి పట్టే రంగు పదార్థాన్ని కూడా త్వచాన్ని లోపలికి మడతలు పెట్టి అందులోనే అమరుస్తుంది. ఆ త్వచం చుట్టూ పెప్టిడోగ్లైకాన్‌తో చేసిన కణకవచం. పెన్సిలిన్ దెబ్బతీసేది ఈ కవచం తయారీనే, మన కణాలకు అది లేదు కాబట్టే మందు మనల్ని వదిలి దాన్ని పట్టుకుంటుంది.

అయితే జిప్సం లేని సీసాలో పైకి లేచే బుడగల్లో వేరే కథ ఉంది. సల్ఫేట్ దొరికినన్నాళ్లూ సల్ఫేట్ పీల్చేవే హైడ్రోజన్‌ను ముందుగా లాక్కుంటాయి. అది లేనప్పుడు మీథేన్ చేసే జీవులకు అవకాశం వస్తుంది. అవి చూడటానికి బ్యాక్టీరియాలాగే ఉంటాయి, కేంద్రకమూ ఉండదు, కానీ బ్యాక్టీరియా కావు. కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ 1977లో రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలను పోల్చి ఇవి వేరే కొమ్మ అని చూపించారు. ఇప్పుడు వాటిని ఆర్కియా అంటున్నాం. వాటి కణకవచంలో పెప్టిడోగ్లైకాన్ ఉండదు, త్వచంలోని కొవ్వులు కూడా వేరే రకం. నీళ్లు నిలబెట్టిన వరి పొలాల నుంచి మీథేన్ వస్తుందని వార్తల్లో చదువుతుంటామే, ఆ పని వీటిదే. ఆకారం చూసి వర్గీకరిస్తే ఈ తేడా ఎప్పటికీ దొరికేది కాదు. బుడగల దగ్గర అగ్గిపుల్ల గీసి చూడాలని సరదా పడకండి.

చిన్నగా ఉండటం కూడా బతికే పద్ధతిలో భాగమే. ఆహారం, వాయువులు కణమంతా వాటంతటవే పాకాలంటే కణం చిన్నదై ఉండాలి, అందుకే చాలా బ్యాక్టీరియా పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతుకు అటూ ఇటూ. మినహాయింపులు సరిగ్గా మన గంధకం తినేవాళ్లలోనే ఉన్నాయి. కరీబియన్‌లోని గ్వాడెలూప్ మడ అడవుల్లో దొరికిన థయోమార్గరీటా మాగ్నిఫికా గురించి 2022లో ప్రకటించారు. ఒక్కో కణం సుమారు సెంటీమీటరు పొడవు, కంటికే కనిపిస్తుంది.

రెండు నెలలు ఎందుకు పడుతుంది?

ఈ.కొలై అనే పేగు బ్యాక్టీరియా మంచి ఆహారంలో 20 నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. ఆ లెక్కన ఒక్కటి పది గంటల్లో వంద కోట్లు దాటాలి. మీ సీసాలో ఆ వేగం ఉండదు. ఊదా, ఆకుపచ్చ గంధకపు జీవులు ఒక్కసారి చీలడానికి గంటలు, ఒక్కోసారి రోజు దాకా తీసుకుంటాయి. పైగా అవి మొదలుపెట్టడానికి ముందు ఆక్సిజన్ పోవాలి, సెల్యులోజ్ కరగాలి, సల్ఫైడ్ పుట్టాలి. ఒకరి వ్యర్థం వస్తే గానీ ఇంకొకరి వంట మొదలుకాదు. నెల దాటినా ఊదా కనిపించలేదని పారేసేవాళ్లు చాలామంది, ఇంకో నెల ఆగండి.

రెండు నెలలకూ రంగు రాకపోతే ముందు వెలుతురు చూడండి, ఎక్కువగా లోపం అక్కడే. వెలుతురు బాగుండి నలుపు కూడా రాకపోతే సల్ఫేట్ తక్కువైంది. అంతా నల్లగా ఉంటే కాగితం ఎక్కువైంది. పైన బూజు పడితే కంగారు పడకండి, తీసేసి నీటి మట్టం పెంచితే చాలు. చీకటి సీసాలో నలుపు వచ్చి రంగులు రాకపోతే అది వైఫల్యం కాదు, మీరు ఎదురుచూసిన జవాబే.

కాలేజీ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ అందుబాటులో ఉంటే, ఊదా మచ్చ ఉన్న చోటికి పొడవాటి డ్రాపర్ దించి ఒక చుక్క తీసి చూడండి. రంగు వేయకండి, తడిగానే స్లైడు మీద పెట్టి కవర్ స్లిప్ వేయండి. 400 రెట్లలో పెద్ద క్రోమేషియం కణాలు ఈదుతూ, లోపల మెరిసే గంధకపు గుళికలతో కనిపించే అవకాశముంది. నీలి ఆకుపచ్చ నాచు తీగలు ఇంకా సులువు.

పారేసేటప్పుడు కిచెన్ సింక్‌లో పోయకండి. గాలి ఆడే చోట, బయట, తోటలో గుంట తీసి పూడ్చండి, సీసాను బ్లీచింగ్ నీళ్లతో కడగండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి. బాగా రంగులు వచ్చిన సీసాలోంచి ఆ పొర దగ్గరి బురద రెండు చెంచాలు తీసి ఉంచితే, వచ్చే ఏడాది బ్యాచ్ కట్టే సీసాలో కలపవచ్చు, రంగులు త్వరగా వస్తాయి. ఆ రెండు చెంచాలు దాచేటప్పుడు డబ్బాను అంచుదాకా నీళ్లతో నింపి, కాస్త వెలుతురు తగిలే చోట పెట్టండి, ఫ్రిజ్‌లో కాదు.